ఈక ఎరతో సముద్రపు పెద్ద చేప: ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటి? దిగే ముందు ఏం తెలుసుకోవాలి?

ఫ్లై ఫిషింగ్ అంటే బరువు లేని ఈక ఎరను, బరువున్న దారం సాయంతో విసిరి చేపను పట్టే పద్ధతి. చల్లటి వాగుల్లో చిన్న చేపల కోసం పుట్టిన ఈ పద్ధతితో ఇప్పుడు నడిసముద్రంలో మనిషికన్నా పెద్ద చేపలను కూడా పడుతున్నారు. టూనా, మహీమహీ, రెక్కను తెరచాపలా విప్పే సెయిల్‌ఫిష్, ముక్కు ఈటెలా పొడుచుకొచ్చే మార్లిన్ ఈ వేటలో ముఖ్యమైనవి.

వరంగల్‌కు సముద్రం లేదు. అయినా ఈ విషయం మన ఇళ్లలోకి వచ్చేసింది. గల్ఫ్‌లో పనిచేసే అన్నదమ్ములు సెలవు రోజున పడవెక్కి పట్టిన చేపల వీడియోలు వాట్సాప్‌లో పంపుతున్నారు. వందే భారత్ రైలు వరంగల్‌లో ఆగడం మొదలయ్యాక విశాఖ ప్రయాణం తేలికైంది. అండమాన్ టూర్ ప్యాకేజీల్లో ‘గేమ్ ఫిషింగ్’ అనే మాట కనబడుతోంది. ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్నలు మూడు: ఇది ఎలా చేస్తారు? ప్రమాదమా? మనకు జాయిజేనా? ఈ వ్యాసం ఆ మూడింటికి జవాబు చెప్పే ప్రయత్నం.

ఫ్లై అంటే ఈగ కాదు

మామూలు గాలానికి వానపామునో, పిండినో, చిన్న చేపనో గుచ్చుతాం. ఫ్లైలో తినే వస్తువేదీ ఉండదు. గాలం కొక్కేనికి ఈకలు, జంతువుల వెంట్రుకలు, మెరిసే నూలు దారాలతో కట్టి చిన్న చేపలాగానో పురుగులాగానో కనిపించేట్టు చేస్తారు. మొదట్లో వాగుల మీద వాలే ఈగలను పోలినవి కట్టేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. సముద్రపు ఫ్లైలు ఎక్కువగా చిన్న చేపలను, స్క్విడ్‌లను పోలి ఉంటాయి. సెయిల్‌ఫిష్ కోసం కట్టే ఫ్లై జానెడు పొడవు కూడా ఉంటుంది.

ఇది కొత్త విద్య కాదు. దాదాపు 1,800 ఏళ్ల కిందట రోమన్ రచయిత ఏలియన్ మాసిడోనియాలోని ఒక నది గురించి రాస్తూ, అక్కడి జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని చెప్పాడు. సముద్రంలో దీన్ని గట్టిగా వాడింది మాత్రం 20వ శతాబ్దంలోనే. 1962లో అమెరికా వైద్యుడు వెబ్‌స్టర్ రాబిన్సన్ పనామా తీరంలో ఫ్లైతో సెయిల్‌ఫిష్‌ను పట్టాక, ఇంత పెద్ద చేపలు కూడా ఈక ఎరకు వస్తాయని లోకానికి నమ్మకం కుదిరింది.

బరువు ఎరలో కాదు, దారంలో

మన చెరువు గట్టు మీద గాలం వేసేవాళ్లను చూడండి. దారం చివర సీసపు ముక్క కడతారు. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైలో ఇది తిరగబడుతుంది. ఎరకు బరువు ఉండదు కాబట్టి దారమే లావుగా, బరువుగా ఉంటుంది. రాడ్‌ను వెనక్కి ఊపితే దారం గాల్లో వెనక్కి చాచుకుంటుంది. అది పూర్తిగా సాగిన క్షణంలో ముందుకు ఊపితే విల్లులా వంగిన రాడ్ దాన్ని ముందుకు విసురుతుంది. దాని తోకన ఈక ఎర వెళ్లి నీటిమీద వాలుతుంది. కండబలంతో అయ్యే పని కాదిది. ఎప్పుడు ఆగాలో చేతికి తెలియాలి.

సామాను కొనేటప్పుడు కొన్ని అంకెలు కనబడతాయి. వాటి అర్థం ఇదీ.

దారం నంబరు: మొదటి 30 అడుగుల దారం ఎంత బరువుంటే అంత పెద్ద నంబరు. చిన్న చేపలకు వాడే 5 నంబరు దారం సుమారు 9 గ్రాములు. సముద్రపు పెద్ద చేపలకు వాడే 12 నంబరు సుమారు 25 గ్రాములు. నడిసముద్రపు వేటకు 10 నుంచి 14 నంబరు దాకా వాడతారు. రాడ్, రీలు కూడా అదే నంబరుకు సరిపోవాలి.

రాడ్: సుమారు 9 అడుగులు. గ్రాఫైట్‌తో చేస్తారు.

లీడర్: లావు దారానికీ ఫ్లైకీ మధ్య కట్టే కనపడని సన్న దారం. చేపతో పోట్లాటలో ముందు తెగాల్సింది ఇదే. అందుకే దీని బలాన్ని ఇన్ని కిలోలు అని లెక్క చెబుతారు. ప్రపంచ రికార్డులు నమోదు చేసే ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ (1939లో న్యూయార్క్‌లో ఏర్పడింది) ఫ్లై వేటకు అనుమతించే అతి గట్టి తరగతి 10 కిలోలు. చేప పళ్లకు, ముక్కుకు తెగకుండా చివర్లో ఒక జానెడు లావు దారం కలుపుకోవచ్చు.

బ్యాకింగ్: లావు దారం వెనకాల రీలులో చుట్టి ఉంచే సన్నటి, గట్టి దారం. పెద్ద చేపకైతే ఇది కనీసం 300 గజాలు కావాలంటారు. చేప పరుగెత్తితే అంతా కావాల్సి వస్తుంది.

ఏయే చేపలు?

మార్లిన్, సెయిల్‌ఫిష్: ఉత్తరాంధ్ర తీరంలో ‘కొమ్ముకోనెం’ అని పిలిచేది ఈ కొమ్ము ముక్కు జాతినే. నల్ల మార్లిన్‌లో గాలంతో పట్టిన ప్రపంచ రికార్డు 1953లో పెరూ తీరంలో దొరికిన 707 కిలోల చేప. సెయిల్‌ఫిష్ అంత బరువుండదు, 100 కిలోలు దాటడమే అరుదు. అది గంటకు 110 కిలోమీటర్లు ఈదుతుందని చాలాచోట్ల రాస్తారు. ఈమధ్య పరికరాలతో కొలిచినప్పుడు అసలు వేగం అందులో సగం కూడా లేదని తేలింది. అయినా దారం పట్టుకున్న చేతికి అదే చాలా ఎక్కువ.

టూనా: మన కోస్తాలో ‘సూర’ అంటారు. పసుపు రెక్కల టూనా పెద్దది, 100 కిలోలు దాటుతుంది. మిగతా చేపల్లా కాక టూనా తన కండరాలను చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంచుకోగలదు. అందుకే అలుపు లేకుండా లోతుకు లాగుతుంది.

వంజరం: మన దావత్‌లలో ఫ్రై ముక్కలుగా కనబడేది ఇదే. పళ్లు కత్తెరలా ఉంటాయి. లీడర్ చివర సన్న తీగ లేకపోతే ఒక్క కొరుకుతో తెంపేస్తుంది.

మహీమహీ: పచ్చ, పసుపు రంగుల్లో మెరుస్తుంది. దీనికి ‘డాల్ఫిన్ ఫిష్’ అనే పేరు కూడా ఉండటంతో కొందరు తినడానికి వెనకాడతారు. పాలిచ్చే డాల్ఫిన్‌తో దీనికి ఏ సంబంధం లేదు. ఇది పొలుసులున్న మామూలు చేప. తేలే చెక్కలు, నాచు కింద గుంపులుగా ఉంటుంది కాబట్టి ఫ్లై నేర్చుకునేవాళ్లకు తేలిగ్గా దొరుకుతుంది.

పార జాతి: ఇందులో అన్నిటికన్నా పెద్దది జెయింట్ ట్రెవల్లీ. వేటగాళ్లు ముద్దుగా ‘జీటీ’ అంటారు. అండమాన్ పగడపు దిబ్బల దగ్గర దీని కోసమే విదేశాల నుంచి వస్తారు.

పడవ మీద ఏం జరుగుతుంది?

ఫ్లైని ఎంత బాగా విసిరినా 20, 25 మీటర్లకు మించి పోదు. సెయిల్‌ఫిష్ మాత్రం ఎక్కడో లోతు నీళ్లలో తిరుగుతుంటుంది. కాబట్టి దాన్ని పడవ దగ్గరకు రప్పించాలి. పడవ వెనక కొక్కెం లేని ఎరను కట్టి ఈడుస్తారు. చేప దాన్ని కొరుకుతుంది, తినబోతే ఒకరు ఇవతలికి లాగేస్తారు. చేపకు కోపం పెరిగి పడవ వెనకకు వచ్చేస్తుంది. అప్పుడు ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెడతారు, ఉత్తుత్తి ఎరను నీళ్లలోంచి తీసేస్తారు, అదే జాగాలో ఫ్లైని విసురుతారు. ఇంజన్ గేరులో ఉండగా విసిరితే రికార్డుకు లెక్క రాదు.

చేప కొరికాక రాడ్‌ను పైకి గుంజడం కొత్తవాళ్లకు వచ్చే తొందర. అలా చేస్తే మెత్తటి రాడ్ వంగిపోతుంది, కొక్కెం గుచ్చుకోదు. రాడ్‌ను నీటివైపే ఉంచి, ఖాళీ చేత్తో దారాన్ని గట్టిగా గుంజాలి. ఇక్కడి నుంచి మొదటి పది సెకన్లు అన్నిటికన్నా ప్రమాదం. పడవ మీద చుట్టలు చుట్టలుగా పడివున్న దారం అంతా ఒక్కసారిగా లేచిపోతుంది. ఆ చుట్టలో కాలు గానీ, వేలు గానీ, చొక్కా గుండీ గానీ ఉంటే చేప దాన్నీ తీసుకుపోతుంది.

ఢీల్ తెలిసినవాడే చేప పడతాడు

సంక్రాంతి రోజుల్లో వరంగల్ మిద్దెల మీద పతంగి ఎగరేసినవాళ్లకు ఈ విద్యలో సగం ముందే తెలుసు. పేంచ్ పడ్డప్పుడు మాంజాను బిగపట్టినవాడి పతంగి కోసుకుపోతుంది. ఢీల్ వదిలినవాడిది నిలుస్తుంది. పెద్ద చేప విషయమూ అంతే. చేప పరుగెత్తేటప్పుడు వదలాలి, అది ఆగినప్పుడు చుట్టాలి. పతంగికి చరఖా పట్టుకున్న తమ్ముడు ఢీల్ ఇస్తాడు. ఇక్కడ ఆ పని రీలులో ఉండే ‘డ్రాగ్’ అనే బ్రేకు చేస్తుంది. చేప లాగుడు ఒక హద్దు దాటగానే రీలు తనంతట తానే తిరిగి దారం వదులుతుంది.

ఆ హద్దు ఎంత పెట్టాలి? లీడర్ బలంలో పావు వంతు నుంచి 30 శాతం దాకా అనేది మామూలు లెక్క. 10 కిలోల లీడర్ అయితే రెండున్నర నుంచి 3 కిలోల లాగుడుకు రీలు వదలాలి. ‘10 కిలోలు తట్టుకునే దారానికి ఇంత తక్కువ ఎందుకు?’ అని అడగొచ్చు. కారణం లెక్కలోనే ఉంది. రీలు నిండుగా ఉన్నప్పుడు చుట్ట వెడల్పు 10 సెంటీమీటర్లు, డ్రాగ్ రెండున్నర కిలోలు అనుకోండి. చేప దారం లాక్కుపోయి చుట్ట 5 సెంటీమీటర్లకు తగ్గితే, బ్రేకును ముట్టుకోకపోయినా లాగుడు రెట్టింపై 5 కిలోలకు చేరుతుంది. నీళ్లలో ఉన్న వందల మీటర్ల దారం రాపిడి దీనికి అదనం. ముందే 7 కిలోలకు బిగించి ఉంటే దారం తెగిపోయేది. అందుకే తెలిసినవాళ్లు చేప దూరం పోయిన కొద్దీ బ్రేకును సడలిస్తారు. కొత్తవాళ్లు భయంతో బిగిస్తారు.

ఈ పరికరం చౌక కాదు. సముద్రానికి పనికొచ్చే పేరున్న రీళ్లలో కొన్నింటి ధర 800 డాలర్లు దాటుతుంది. ఉప్పునీటికి తుప్పు పట్టకుండా, వేడెక్కి బిగుసుకుపోకుండా బ్రేకును మూసివుంచడానికే ఆ ఖర్చులో చాలా భాగం పోతుంది.

మన తీరంలో ఈ చేపతో పోట్లాడుతున్నది ఎవరు?

ఆటగాడి చేతిలో అంత ఖరీదైన రీలు ఉంటుంది. మన తెలుగు తీరంలో అదే కొమ్ముకోనేన్ని, అదే సూరను రోజూ పట్టే మత్స్యకారుడి చేతిలో చాలాసార్లు ఉండేది ఉత్త దారం. విశాఖపట్నం, అనకాపల్లి, కాకినాడ తీరాల నుంచి చిన్న మోటారు పడవల్లో ముగ్గురు నలుగురు కలిసి తెల్లవారకముందే బయల్దేరి, గాలాలతో టూనా వేట చేస్తారు. వాళ్లకు అరచేయే డ్రాగ్. చేప లాగితే దారం వేళ్ల మధ్య జారాలి. జారకుండా మెలిపడితే ఆపే బ్రేకు ఏదీ లేదు.

2025 జూలై మొదట్లో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలం పూడిమడక నుంచి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుడి విషయంలో ఇదే జరిగింది. గాలానికి పడిన కొమ్ముకోనేన్ని పడవలోకి లాగబోతే, అది ఆయన్నే నీళ్లలోకి లాగేసింది. తోటివాళ్ల కళ్ల ముందే గల్లంతయ్యారు. ఆ చేప బరువు 100 కిలోల దాకా ఉంటుందని అప్పటి వార్తల్లో వచ్చింది. దాన్ని వినోదంగా వేటాడేవాళ్లు బెల్టు, గ్లౌజులు, రీలు, పక్కన సాయానికి మనిషి లేకుండా ముట్టుకోరు. ఇంటికి బియ్యం తేవాల్సినవాళ్లు అవేమీ లేకుండానే పట్టుకుంటున్నారు.

ఈ ఆట చూసి ముచ్చటపడే ముందు ఈ సంగతి గుర్తుండాలి. పిల్లలకు గాలం నేర్పేటప్పుడు మొదటి పాఠం కూడా ఇదే కావాలి: దారాన్ని చేతికి చుట్టుకోవద్దు. చెరువులో కొర్రమట్ట కోసం వేసే గాలానికీ ఈ మాట వర్తిస్తుంది.

మాల్దీవులు, లక్షదీవులు: ముల్లు లేని గాలం

ఈక ఎరతో టూనా పట్టడం పడమటి దేశాలవాళ్లు మనకు నేర్పింది కాదు. మాల్దీవుల్లో, మన లక్షదీవుల్లోని మినికాయ్‌లో ముస్లిం మత్స్యకారులు తరతరాలుగా పొడవాటి కర్రలతో స్కిప్‌జాక్ టూనా పడుతున్నారు. ముందు బతికున్న చిన్న చేపలను సముద్రంలోకి చల్లుతారు. పడవ నుంచి నీళ్లు చిలకరిస్తే, చిన్న చేపల గుంపు అల్లాడుతోందని టూనాలు ఎగబడతాయి. అప్పుడు మెరిసే కొక్కెం ఉన్న కర్రను నీళ్లకు తాకించి ఎత్తుతారు. ఆ కొక్కేనికి ముల్లు ఉండదు. చేప గాల్లో వెనక్కి వచ్చి, దారం సడలగానే తానే ఊడి పడవలో పడుతుంది.

ఒక్కో చేపను ఒక్కో గాలంతో పట్టడం వల్ల తాబేళ్లు, డాల్ఫిన్‌లు అనవసరంగా చావవు. మాల్దీవుల కర్ర గాలపు టూనాకు 2012లో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తింపు దక్కింది. సముద్రాన్ని ఖాళీ చేయకుండా పట్టిన చేప అని ఆ గుర్తింపు అర్థం. యూరప్ మార్కెట్లో దానికి విలువ ఉంది. నిదానంగా పట్టినా గిట్టుబాటు అవుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

జాయిజేనా?

సముద్రపు వేట, దాని ఆహారం హలాల్ అని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 96వ ఆయత్ స్పష్టం చేస్తోంది. ఇహ్రామ్‌లో ఉన్నవాళ్లకు నేల మీది వేటను నిషేధించిన అదే ఆయత్ సముద్రపు వేటను అనుమతించింది. చేపకు జబహ్ అవసరం లేదు. మార్లిన్, టూనా, వంజరం, మహీమహీ అన్నీ చేపలే కాబట్టి వాటిని తినడంలో మజ్‌హబ్‌ల మధ్య తేడా లేదు. తేడా ఉన్నది చేప కాని సముద్ర జీవుల విషయంలో. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ మజ్‌హబ్ వాటిని అనుమతించదు, షాఫయీ మజ్‌హబ్ విశాలంగా అనుమతిస్తుంది. తనంతట తాను చచ్చి నీటిమీద తేలిన చేపను కూడా హనఫీలు తినరు. గాలానికి పడి చచ్చిన చేప ఆ లెక్కలోకి రాదు.

తినడానికి కాక ఆటకోసం పట్టి వదిలేయడం గురించే అసలు ప్రశ్న. ప్రాణమున్న జీవిని గురిపెట్టి ఆడుకోవడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) గట్టిగా ఖండించినట్టు హదీసుల్లో ఉంది. దాన్నిబట్టి, తినే ఉద్దేశమే లేకుండా కేవలం సరదాకు చేపను బాధపెట్టడాన్ని ఎందరో ఉలమాలు ఇష్టపడరు. తినడానికి పట్టి, చిన్నదనో ఎక్కువైందనో వదిలేయడం వేరే సంగతి. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో మీ మసీదు ఇమాం సాబ్‌నో, ముఫ్తీ సాబ్‌నో అడిగి తెలుసుకోవడం మంచిది.

వదిలేయాలని నిర్ణయించుకుంటే సరిగ్గా వదలాలి. కొక్కెం ముల్లును పట్టకారుతో ముందే నొక్కేయాలి. చేపను గంటల తరబడి అలసిపోనివ్వకుండా గట్టి రాడ్‌తో త్వరగా దగ్గరకు తేవాలి. ఫొటో కోసం సెయిల్‌ఫిష్‌ను పడవలోకి ఎత్తొద్దు. నీళ్లలోనే ఉంచి, నోటిలోకి నీరు పారేట్టు పడవను మెల్లగా నడిపిస్తే అది తేరుకుంటుంది. ఎత్తి, ఫొటో దిగి, వదిలేసిన చేప ఈదుకుంటూ పోయినట్టే కనబడినా తరువాత చచ్చిపోవచ్చు. అప్పుడది ఎవరి కడుపూ నింపని చావు.

ఇంటికి తెస్తే

టూనా, వంజరం, మహీమహీ లాంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టాలి. ఎండలో కొన్ని గంటలు ఉంటే వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు వస్తాయి. ఎంత వేయించినా, ఎంత ఉడికించినా అది పోదు. విశాఖ నుంచి రైల్లో దాదాపు 560 కిలోమీటర్లు తేవాలనుకునేవాళ్లకు ఇది ముఖ్యం. ఐసు సరిపోదనుకుంటే అక్కడే వండుకుని తినడం మేలు.

రెండో సంగతి పాదరసం. ఇతర చేపలను తిని బతికే పెద్ద చేపల ఒంట్లో అది పోగవుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు మార్లిన్, సొర, కత్తిచేప లాంటివి తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. ఇంట్లో వాళ్లకు చిన్న సముద్రపు చేపలే మంచివి.

ఎక్కడ, ఎప్పుడు, ఏ అనుమతితో

ఆంధ్రప్రదేశ్ తీరం: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మోటారు పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ కట్టడి. వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. ఆ రోజుల్లో ఎవరైనా పడవ ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం ఉంటుంది. మిగతా నెలల్లో కూడా మత్స్యశాఖ దగ్గర నమోదైన పడవేనా, ఎక్కే అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని చూసుకోవాలి. సముద్రంలోకి వెళ్లొద్దని వాతావరణ శాఖ హెచ్చరిస్తే బుకింగ్ డబ్బులు పోయినా ఆగిపోవాలి.

అండమాన్: దేశంలో గేమ్ ఫిషింగ్‌కు పేరున్న చోటు ఇదే. అక్కడ తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో చాలా ఉన్నాయి. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు లాంటి రక్షిత ప్రాంతాల్లో వేట నేరం. ప్యాకేజీ డబ్బు కట్టే ముందు ఆపరేటరుకు అనుమతి ఉందో లేదో మత్స్యశాఖ దగ్గర కనుక్కోవాలి.

గల్ఫ్: సెయిల్‌ఫిష్, క్వీన్‌ఫిష్, టూనా కోసం ఎమిరేట్స్, ఒమన్ తీరాలకు పేరుంది. అక్కడ పనిచేసే మనోళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అబుధాబిలో సరదా గాలానికి కూడా లైసెన్సు తప్పనిసరి. ఏయే చేపలు, ఏ నెలల్లో పట్టకూడదో కూడా ఆయా దేశాల నియమాలు ఉంటాయి. తెలియదన్న మాట అక్కడ చెల్లదు. ఉద్యోగం కోసం వెళ్లిన దేశంలో ఒక చేప కోసం జరిమానా కట్టాల్సిన పని లేదు.

వరంగల్‌లోనే మొదలుపెట్టాలంటే

సముద్రం దాకా పోనక్కర లేదు. ఫ్లై విసరడం నేర్చుకోవడానికి నీళ్లు కూడా అక్కర లేదు. కొక్కెం కట్టకుండా దారం చివర చిన్న ఉన్ని పోగు కట్టి, పొద్దున పూట ఖాళీ మైదానంలో సాధన చేయొచ్చు. కరెంటు తీగలు దగ్గర్లో లేకుండా చూసుకోవాలి. గ్రాఫైట్ రాడ్ గుండా కరెంటు పారుతుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు రాడ్ ముట్టుకోవద్దు. కళ్లద్దాలు, టోపీ లేకుండా కొక్కెం కట్టిన ఫ్లైని విసరొద్దు.

ఫ్లై కట్టడానికి ఖరీదైన ఈకలు కొననక్కర లేదు. చికెన్ షాపులో పారేసే నాటుకోడి మెడ ఈకలను కడిగి ఎండబెడితే చాలు. అడవికోడి, నెమలి లాంటి రక్షిత పక్షుల జోలికి పోవద్దు. వాటిని ఈకల కోసం పట్టడం, చంపడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

చెరువులో వేయాలనుకుంటే ముందు ఎవరి చెరువో తెలుసుకోవాలి. తెలంగాణలో చాలా చెరువుల మీద వేట హక్కు మత్స్యకార సహకార సంఘాలది. చేప పిల్లలను పెంచేదీ, కాపలా కాసేదీ వాళ్లే. సంఘం వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన రుసుము ఇచ్చి గాలం వేయడం న్యాయం. అడగకుండా పట్టింది ఒకరి కష్టం, ఒకరి హక్కు. పాకాల లాంటి అభయారణ్యం పరిధిలో అటవీశాఖ అనుమతి లేకుండా దిగకూడదు.

ఇక ఖర్చు లెక్క. సరదాగా ఒకసారి చేయాలనుకునేవాళ్లు సామాను కొనొద్దు. పడవవాళ్ల దగ్గర ఉన్న రాడ్‌తోనే చేయండి. పడవ కిరాయి, డీజిల్, ఐసు, రైలు టిక్కెట్లు, బస కలిపి ముందే రాసుకుని, నలుగురు పంచుకుంటే ఎంత పడుతుందో చూసుకోండి. నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు 8 నంబరు రాడ్‌తో మొదలుపెడితే చెరువుకూ, సముద్రం ఒడ్డుకూ పనికొస్తుంది. 12 నంబరు సామాను మీద డబ్బు పెట్టేది, మహీమహీ స్థాయి చేపను ఒకటి రెండుసార్లు పట్టి, ఎప్పుడు వదలాలో ఎప్పుడు చుట్టాలో చేతికి తెలిశాకే.